బరువు మోయని కాలు

బట్టలు నానేటప్పుడు వాషింగ్ మెషీన్ చప్పుడు చెయ్యదు. నీళ్ళు నింపుకుని, అటూ ఇటూ కాస్త కదిలి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోతుంది. ఆ కాసేపూ నాది. వెనక బాల్కనీలో మెషీన్ పక్కనే బకెట్ బోర్లించుకుని కూర్చుని, తలుపు దగ్గరగా వేసి, ఒళ్ళో గిటార్ పెట్టుకుంటాను. ఎలక్ట్రిక్ గిటార్. ఆంప్ అనే స్పీకర్ పెట్టెకి తగిలిస్తే తప్ప దానికి గొంతుండదు. తగిలించకుండా వాయిస్తే పక్కగదిలో ఎవరో దువ్వెన పళ్ళు మీటుతున్నంత సన్నగా వినిపిస్తుంది. ఒళ్ళో పెట్టుకున్న మనిషికి మాత్రం ఇంకొంచెం తెలుస్తుంది. కొయ్య పక్కటెముకలకి ఆనుకుని ఉంటుంది కదా, చెవికి అందనిది ఒంటికి అందుతుంది. పెళ్ళైనప్పటి నుంచీ నేను వాయించే పద్ధతి ఇదే.

ఎవరూ వద్దనలేదు. ఆ మాట ముందే చెప్పాలి, లేకపోతే ఇంట్లోవాళ్ళకి అన్యాయం చేసినదాన్నవుతాను. నేను కాపురానికి వస్తూ గిటార్, ఆంప్ రెండూ వెంట తెచ్చుకుంటే మా అత్తయ్య వాటిని దింపించడానికి తనే దగ్గరుండి చోటు చూపించారు. "మోగకుండా వాయించుకోమ్మా, నేనేమైనా వద్దన్నానా" అన్నారు. మా ఆయనైతే ఇంటికి ఎవరొచ్చినా "మా ఆవిడ గిటార్ వాయిస్తుంది తెలుసా" అని గొప్పగా చెప్తారు. వచ్చినవాళ్ళు ఏదీ ఒకటి వినిపించండి అనగానే "ఇప్పుడొద్దులే, ముందు టీ సంగతి చూడు" అంటారు. నేను టీ సంగతి చూస్తాను. ఆంప్ హాల్లో ఓ మూల ఉంది. దాని మీద వైఫై డబ్బా, డబ్బా మీద దుమ్ము. ఆ మూలన ఉన్న ప్లగ్గు ఒక్కటే, అది వైఫైకి కావాలి. ఏదైనా సర్దుబాటు చెయ్యమని ఒకసారి అడిగాను. "చూద్దాం" అన్నారు. అప్పటికి మా అమ్మాయి ఇంకా పాకుతోంది.

ఇప్పుడు ఆ అమ్మాయి ఏడో క్లాసు. మొన్నామధ్య ఆరేసిన యూనిఫామ్ కోసం బాల్కనీలోకి వచ్చి, నా వేళ్ళ వైపు కాసేపు చూసి, "అమ్మా, నీ గిటార్ పాడైపోయిందని నాన్నకి చెప్పొచ్చు కదా" అంది.

"పాడవలేదే."

"మరి సౌండ్ రాదు కదా దానికి."

నాకు నవ్వొచ్చింది, తర్వాత చాలాసేపు ఇంకేదో వచ్చింది. పుట్టినప్పటి నుంచీ అది అలాంటి వస్తువే అనుకుందట. కొన్ని గిటార్లు మోగుతాయి, అమ్మది మోగదు. అంతే.

ఆ దువ్వెన గొంతులో ఈ మధ్య ఒక జీర మొదలైంది. మూడో తీగ మీటినప్పుడల్లా అడుగున అగ్గిపెట్టెలో ఈగ చిక్కుకున్నట్టు జుయ్‌మని ఒక రొద. ముందు మెషీన్ మూత అనుకున్నాను. తర్వాత బకెట్ చెవి అనుకుని బకెట్ మార్చాను. పడగ్గదిలోకి వెళ్ళి మంచం మీద కూర్చున్నా రొద నాతోపాటే వచ్చింది. తీగ ఎత్తు పెంచి చూశాను. వేళ్ళు నొప్పెట్టాయి గానీ ఈగ చావలేదు. మా ఆయనకి చెప్తే, పాపం, ఆఫీసుకి వెళ్ళే దారిలో ఉన్న వాయిద్యాల షాపులో చూపించి తెచ్చారు. అక్కడి మెకానిక్ ఆంప్‌కి తగిలించి, అన్ని తీగలూ మీటి చూసి, ఏమీ లేదన్నాడట.

"ఆంప్‌లో రాని చప్పుడు చప్పుడే కాదట. నీ చెవులు మరీ సున్నితం" అన్నారు ఆయన, గిటార్ సోఫా మీద పెడుతూ. "ఎవరికీ వినపడనిది బాగు చేయించి ఏం లాభం చెప్పు?"

నేను గిటార్ తీసి దాని పెట్టెలో పెట్టి, టీ పెట్టడానికి వెళ్ళాను. ఆ పూటంతా నా మీద నాకే ఒళ్ళు మండింది. ఈ ఇంట్లో ఎవరికీ వినపడనివి నాకు చాలా వినపడతాయి. స్నానాలగదిలో కుళాయి చుక్క చుక్కగా కారడం, ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడకపోవడం, అమ్మాయి దగ్గు పొడిదగ్గు నుంచి వేరే దగ్గులోకి మారడం, అత్తయ్య మెట్లెక్కుతూ మధ్యలో ఆగే ఆగడం నిన్నటికన్నా ఎక్కువ కావడం. అవన్నీ విన్నందుకు నా చెవులు సున్నితమని ఎవరూ అనలేదు. ఇల్లు జాగ్రత్తగా చూసుకుంటుంది అన్నారు. నాకోసం నేను ఒక్కటి విన్నాను, దానికి పేరు మారిపోయింది.

నేను కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తాను. అద్దాలు బిగించడం, విరిగిన కాడలు మార్చడం, వదులైన స్క్రూలు తిప్పడం నా పని. మా ఆయన దాన్ని "ఆ స్క్రూల పని" అంటారు. షాపు సార్ "ఆడవాళ్ళకి ఓపిక ఎక్కువ, చేతులు చిన్నవి, ఈ పని వాళ్ళకే" అంటారు, పొగడ్తగానే అంటారు. ఆయన ఓపికంతా కౌంటర్ వెనక కుర్చీలో కూర్చోవడానికి సరిపోతుంది. నేను బాగు చేసి ఇచ్చిన కళ్ళజోడు తీసుకుని కొందరు పెద్దమనుషులు సార్ వైపు తిరిగి "ఒకసారి మీరు చూడండి" అంటారు. సార్ దాన్ని దీపం వైపు ఎత్తి పట్టుకుని, ఏమీ చెయ్యకుండా, "ఆ, ఇప్పుడు బాగుంది" అని ఇస్తారు. వాళ్ళు సార్‌కి థాంక్స్ చెప్తారు. మొదట్లో బాధపడేదాన్ని. ఇప్పుడు సార్ ఏ కోణంలో ఎత్తుతారో ముందే ఊహించి, కరెక్టయితే లోపల మార్కులు వేసుకుంటాను.

ఒకరోజు ఆ షాపుకి ఒక ఆటల టీచర్ వచ్చింది. దగ్గర్లో ఏదో స్కూల్లో పిల్లల్ని పరిగెత్తిస్తుంది. పొడగరి, ఎండకి కమిలిన మొహం. కళ్ళజోడు జారిపోతోందని తెచ్చింది. పరిగెత్తేటప్పుడా అని అడిగాను.

"పరుగుకి బానే ఉంటాయండీ. డ్రమ్స్ వాయిస్తుంటేనే ఎగిరిపోతున్నాయి. పోయినవారం పాట మధ్యలో కాళ్ళ దగ్గర పడ్డాయి. ఇంకేం చేస్తాను, గుడ్డిగానే వాయించేశాను."

చెవి వెనకకి వచ్చే కాడల్ని కాస్త వేడి చేసి వంచాను. ముక్కు మీద ఆనే మెత్తలు మార్చాను. ఆవిడ పెట్టుకుని, కౌంటర్ ముందు నిలబడే, చేతుల్లో కర్రలున్నట్టు గాల్లో వాయించి, తల అటూ ఇటూ విసిరి చూసుకుంది. సార్ కళ్ళప్పగించి చూశారు. కళ్ళజోడు కదల్లేదు. నేనూ గిటార్ వాయిస్తానండీ అన్నాను. నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలీదు, ఆ షాపులో ఆ మాట అంతకుముందు ఎప్పుడూ అన్లేదు.

"లీడా, రిథమా?" అంది.

నన్ను కొత్తవాళ్ళు అడిగే ప్రశ్నలన్నీ నాకు కంఠతా వచ్చు. ఎక్కడుంటారు, మీవారేం చేస్తారు, ఒక్కతేనా పాప. ఇది కొత్త ప్రశ్న. రిథమ్ అన్నాను, పాట వెనక లయ పట్టుకుని నడిపించేది.

వాళ్ళు నలుగురు ఆడవాళ్ళట. గిటార్ వాయించే ఆమెకి బదిలీ అయింది. ఆటల టీచర్ ఇంటి కింద కారు షెడ్డు ఉంది, కారు లేదు, కాబట్టి అక్కడ డ్రమ్స్ ఉన్నాయి. ప్రతి ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటారు. రండి అంది ఆవిడ, ఏదో పక్కవీధిలోకి రమ్మన్నంత తేలిగ్గా. నేను నవ్వి, గిటార్ కొంచెం బాగోలేదండీ, ఏదో జీర వస్తోంది, బాగయ్యాక వస్తాను అన్నాను. ఆ తర్వాత రెండుసార్లు ఫోన్ చేసింది. రెండుసార్లూ అదే చెప్పాను. ఈ శనివారం పొద్దున మళ్ళీ చేసింది.

"ఏమనుకోకండి. రేపు కూడా మీరు రాకపోతే ఇంకొకామెని పిలవాలి. సాయంత్రానికల్లా ఏ సంగతీ చెప్పండి" అంది.

ఆదివారం మధ్యాహ్నం అంటే మా ఇంట్లో భోజనాల పూట. మా ఆడపడుచు, ఆవిడ భర్త, పిల్లలు వస్తారు. నాలుగు రకాలు చెయ్యాలి, ఒకటి తీపి ఉండాలి. "వదినా, నీ చేతి వంట తింటేనే నాకు ఆదివారం వచ్చినట్టు" అంటుంది మా ఆడపడుచు, సోఫాలో కాళ్ళు చాపుకుని. ఆవిడ మీద నాకు కోపం లేదు. వారమంతా వాళ్ళింట్లో ఆ చాకిరీ చేసి వస్తుంది, ఆ కాళ్ళు ఎంత లాగుతుంటాయో నాకు తెలీనిది కాదు. కాకపోతే వాళ్ళు వెళ్ళిపోయి, నేను గిన్నెలు కడుగుతుంటే, మా ఆయన అదే సోఫాలో వాలి, "అబ్బ, మనుషులొచ్చి వెళ్తే ఎంత అలసటో. ఒక్క ఆదివారం కూడా ఊపిరి తీసుకోనివ్వరు" అని మూలుగుతారు. ఆ మూలుగు నీళ్ళ చప్పుడులోంచి కూడా వంటింటి దాకా వినిపిస్తుంది. నేను వెళ్ళి టీ ఇస్తాను. తాగి, "నువ్వు అలసిపోవు, అదే నీ గొప్పతనం" అంటారు.

శనివారం షాపు ఒంటిపూటే. ఇంటికొచ్చి బట్టలు మెషీన్‌లో వేసి, బకెట్ మీద కూర్చున్నాను. ఈసారి పాట జోలికి పోలేదు. కళ్ళజోడు ఎక్కడో టిక్కుమంటోందని తెస్తే షాపులో ఏం చేస్తానో అదే చెయ్యాలనుకున్నాను. ఒక చేత్తో దాన్ని ఆడిస్తూ, రెండో చేతి వేలు ఒక్కో ముక్క మీదా ఆనించి చూస్తాను. ఏది నొక్కితే చప్పుడు ఆగుతుందో అదే దొంగ. ఇన్నాళ్ళూ ఈ బుద్ధి గిటార్ విషయంలో ఎందుకు పుట్టలేదో. అది షాపు పని, ఇది నా పని అని రెండింటినీ రెండు డబ్బాల్లో పెట్టుకున్నట్టున్నాను.

మూడో తీగని ఒట్టిగా మీటాను, జుయ్. గిటార్ మెడ మీది ఇనుప గీతల్లాంటి మెట్లు ఒక్కొక్కటీ నొక్కుతూ మీటాను, ప్రతి మెట్టు దగ్గరా అదే జుయ్. మెట్లది తప్పయితే ఒకచోట ఉండి ఇంకోచోట పోవాలి. అంటే దొంగ పైన లేడు, కింద బ్రిడ్జ్ దగ్గరే ఉన్నాడు. తీగలన్నీ వచ్చి ఆనేది అక్కడే. ఇనుప పలక మీద తీగకొకటి చొప్పున చిన్న చిన్న పీటల్లాంటి ముక్కలు, ఒక్కో పీటకీ రెండేసి సన్నని స్క్రూ కాళ్ళు. మూడో తీగ పీట మీద వేలు పెట్టి మీటాను. రొద పోలేదు. దాని కాళ్ళు నొక్కాను, వెనకున్న స్ప్రింగు పట్టుకున్నాను. పోలేదు. మోగేది మూడో తీగ కాబట్టి తప్పు దానిదేనని నేను ముందు నుంచీ దాన్నే పీడిస్తున్నాను, మెకానిక్ కూడా ఆంప్ ముందు దాన్నే పరీక్షించి ఉంటాడు. విసుగొచ్చి చెయ్యి తీసేస్తుంటే చిటికెన వేలు పక్కనున్న నాలుగో తీగ పీటకి తగిలింది. రొద ఆగిపోయింది. వేలు తీశాను, వచ్చింది. పెట్టాను, పోయింది.

గిటార్ వెలుతురు వైపు తిప్పి, షాపులో వాడే భూతద్దం తెచ్చి చూశాను. నాలుగో తీగ పీటకి రెండు కాళ్ళలో ఒకటే పలక మీద ఆని ఉంది. రెండోది వెంట్రుకవాసి పైకి లేచి గాల్లో వేలాడుతోంది. తీగ లాగే లాగుడంతా ఆ ఒక్క కాలి మీదే పడుతోంది. రెండో కాలికి మొయ్యడానికి ఏమీ లేదు. అందుకే పక్కింటి తీగ కాస్త మోగితే చాలు, తన గాడిలో తను వణికిపోతూ జుయ్యిమంటోంది. బరువు మోస్తున్న కాలు కిక్కురుమనడం లేదు. ఏమీ మోయని కాలే ఇంత రాగం తీస్తోంది.

నాకు నవ్వాగలేదు. ఆదివారం సాయంత్రాల సోఫా గుర్తొచ్చింది, ఊపిరి తీసుకోనివ్వరన్న మూలుగు గుర్తొచ్చింది. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని, మెషీన్‌కి వీపు ఆనించి, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాను. లోపలి నుంచి "ఏంటా నవ్వు?" అన్నారు ఆయన. ఏం లేదండీ అన్నాను.

గిటార్ పెట్టెలో దానితోపాటు వచ్చిన అలెన్ కీ ఉంది, ఇలాంటి స్క్రూలు తిప్పే చిన్న వంపు కడ్డీ. తీసి, ఆ వేలాడే కాలి నెత్తి మీద పెట్టి, తిప్పకుండా అలాగే కూర్చున్నాను. ఎందుకు తిప్పడం లేదో తెలుస్తూనే ఉంది. ఇది బాగైతే ఆటల టీచర్‌కి చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండదు. జీర ఉన్నంతకాలం నేను ఎవర్నీ ఏదీ అడగక్కర్లేదు, ఎవరితోనూ కాదనిపించుకోనక్కర్లేదు. మోగకుండా వాయించుకోమన్నవాళ్ళ సంగతి సరే, మోగకుండా ఉండటం నాకూ అలవాటైపోయింది. బయటికి రాని గొంతు బాగుందో లేదో ఎవరూ చెప్పలేరు. షెడ్డులో నలుగురి ముందు తగిలించి వాయిస్తే, నా చేతికి ఏమీ రాదని తేలిపోతే? నాకు భయం వేసింది. జీర కన్నా ఆ భయమే ఎక్కువ సేపు మోగింది.

తర్వాత కీ తిప్పాను. కొంచెం కొంచెంగా, ఆ కాలు పలకని తాకి, ఇక సులువుగా తిరగనని మొరాయించేదాకా. అంతకు మించి తిప్పితే రెండో కాలు పైకి లేచిపోతుంది. అదీ నాకు వద్దు, బరువు అటునుంచి ఇటు మార్చాలని కాదు, ఇద్దరూ చెరికాస్త పట్టాలని. మీటాను. మూడో తీగ మొదటి రోజు మోగినట్టు మోగి, సన్నబడి, ఆగింది. కళ్ళజోళ్ళ స్క్రూలు మళ్ళీ వదులవకుండా షాపులో చేసేదే ఇక్కడా చేశాను. రంగులేని గోళ్ళ పాలిష్ అద్ది, అది ఆరేదాకా ఊదుతూ కూర్చున్నాను. ఈలోగా మెషీన్‌కి ఆలోచన తెగినట్టుంది, గిర్రున తిరగడం మొదలుపెట్టింది. మామూలుగా అయితే గిటార్ పెట్టెలో పెట్టేసే సమయం అది.

నేను గిటార్ పట్టుకుని హాల్లోకి వెళ్ళాను. అత్తయ్య టీవీలో నెట్ మీద సీరియల్ చూస్తున్నారు. ఆంప్ మీది వైఫై డబ్బా తీసి కింద పెట్టి, దాని ప్లగ్గు పీకి, ఆంప్ ప్లగ్గు పెట్టాను. టీవీలో ఎవరో ఏదో అనబోతూ నోరు తెరిచి అలాగే ఉండిపోయారు. అత్తయ్య రిమోట్ అరచేతికేసి కొట్టుకున్నారు. గదిలోంచి ఫోన్‌తో మా ఆయన, ట్యాబ్‌తో మా అమ్మాయి బయటికి వచ్చారు.

"నెట్ పోయిందా?" అన్నారు ఆయన.

"నేనే తీశాను. ఇక్కడ ప్లగ్గు ఒకటే కదండీ."

వైరు తగిలించి, మూడో తీగ మీటాను. ఇన్నేళ్ళూ నా పక్కటెముకల దగ్గరే ఆగిపోయిన శబ్దం హాలంతా పరుచుకుంది. గోడ అలమారలో గాజు గ్లాసులు జిర్రుమన్నాయి. ఈసారి జీర నాది కాదు. నాకొచ్చిన పాటల్లో తేలికైనది ఒకటి ఎత్తుకున్నాను. ఒకచోట వేలు జారింది. ఆ తప్పు కూడా అందరికీ వినిపించింది, కొంపలేం మునగలేదు.

"అమ్మా, దీనికి సౌండ్ ఉందా?" అంది మా అమ్మాయి.

"ముందు నుంచీ ఉందమ్మా."

అత్తయ్య రిమోట్ ఒళ్ళో పెట్టుకున్నారు. "ఇంతుందా దీన్లో" అన్నారు నెమ్మదిగా, ఎవరితోనో తెలీకుండా.

"బానే మోగుతోందే. జీర అన్నావు?" అన్నారు మా ఆయన.

"ఉండేది. ఇందాకే పోయింది. నేనే తీశాను."

"ఆంప్‌లో ఏం రాలేదన్నాడుగా అతను."

"ఆంప్‌లో రాదండీ. దగ్గర కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది." ఒళ్ళోంచి గిటార్ తియ్యకుండానే చెప్పాను. "రేపు మధ్యాహ్నం నేను ఇంట్లో ఉండను. కొంతమంది ఆడవాళ్ళు కలిసి వాయిస్తారు, వాళ్ళతో కూర్చోడానికి వెళ్తున్నాను. ఇకనుంచి ప్రతి ఆదివారం."

ఆయన కోప్పడలేదు. అదీ చెప్పాలి. తల ఊపి, ఫోన్ వైపు ఒకసారి చూసి, "వెళ్ళు, దానికేముంది" అన్నారు. గదిలోకి రెండడుగులు వేసి ఆగారు. "మరి వంట?"

ఆ ప్రశ్నకి నా దగ్గర తయారుగా ఒక జవాబుంది. ఇన్నేళ్ళలో ఎక్కడికి వెళ్ళాల్సి వచ్చినా, పెళ్ళికైనా ఆసుపత్రికైనా, అదే జవాబు చెప్పి, చెప్పినట్టే చేసి వెళ్ళాను. పొద్దున్నే లేచి అన్నీ చేసి పెట్టి వెళ్తాలెండి. ఆయనకీ ఆ మాట తెలుసు. దాని కోసమే తలుపు మీద చెయ్యి వేసి, సగం ఇటు తిరిగి నిలబడ్డారు. అది నా నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఉంచేశాను. మూడో తీగ మీటి, అది తనంతట తాను ఆగేదాకా విన్నాను.